అష్టా చెమ్మా ఫోన్లోకి ఎక్కితే మన మాటలు ఏమవుతాయి?

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మనవరాలు ఫోన్లో అష్టా చెమ్మా దింపుకొని మా అక్కయ్యతో ఆడటానికి కూర్చుంది. అక్కయ్యకు 78 ఏళ్ళు, హొసూరు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. పది నిమిషాలకే గొడవ మొదలైంది.

"ఒక్క కాయన్నా నరక్కుండా లోపలి గళ్ళలోకి ఎట్ల పోతావే?" అని అక్కయ్య.

"ఫోన్ ఒప్పుకుంటోంది కదా అవ్వా! నువ్వే తప్పు చెప్తున్నావు" అని పిల్ల.

అక్కయ్య ఇంకేం మాట్లాడకుండా లేచి వంటింట్లోకి పోయింది. నాకు మనసు చివుక్కుమంది. నిజానికి ఇద్దరిదీ తప్పు కాదు. కొన్ని ఇళ్ళల్లో నరికితేనే లోపలికి ప్రవేశం, కొన్నిళ్ళల్లో ఆ కట్టుబాటు లేదు. కానీ ఫోన్లోకి ఎక్కిన పద్ధతే రేపు అసలు పద్ధతి అయిపోతుంది, మిగతావి 'తప్పు' అవుతాయి.

బ్యాంకులో లెక్కలు చూసిన అలవాటు కొద్దీ నేను ఇంకొకటి గమనించాను. ఆ ఫోన్ ఆటలో వంద సార్లు గవ్వలు వేసి రాసుకుంటే, అష్టా 19 సార్లు పడింది! నాలుగు గవ్వలు వెల్లకిలా గానీ బోర్లా గానీ పడటానికి మొత్తం 16 దారులున్నాయి. ఒకటికి 4, రెండుకు 6, మూడుకు 4, చెమ్మాకు 1, అష్టాకు 1. అంటే అష్టా సుమారు 16లో ఒకసారి పడాలి. నిజం గవ్వల్లో వాటి ఆకారాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆట తయారుచేసినవారు అయిదు పందేలకూ సమాన వాటా ఇచ్చినట్టున్నారు. అష్టా కోసం ఎదురుచూడటంలో ఉన్న మజా అంతా పోయింది.

అట్లాగని సాఫ్ట్‌వేర్ వద్దనను. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో 2018లో మొదలైన ఒక పరిశోధనలో 'లూడీ' అనే సాఫ్ట్‌వేర్ తయారైంది. ఆటను పటం, కాయలు, కదలిక, గెలుపు అని చిన్న చిన్న అంశాలుగా విడగొట్టి కంప్యూటర్‌కు అర్థమయ్యేట్టు రాస్తారు. పటం దొరికినా నియమాలు సరిగా తెలియని పాత ఆటలకైతే, ఊహించిన నియమాలు పెట్టి కృత్రిమ మేధ చేత మళ్ళీ మళ్ళీ ఆడిస్తారు. ఆట మరీ తొందరగా తేలిపోతోందా, ఎప్పుడూ ఒక పక్కే గెలుస్తోందా అని చూస్తే ఏ నియమం పొసగదో కొంత తెలుస్తుంది. మనకు ఆ ఊహలు అక్కర్లేదు. ఆడినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లోనే ఉన్నారు, అడిగితే చాలు.

అయితే నియమాలు దొరికినా మాటలు దొరకవు. తెలుగులో కాయ నడిమింటికి చేరితే 'పండింది' అంటాం. కన్నడంలో 'హణ్ణు', తమిళంలో 'పళం'. మూడు భాషల్లోనూ కాయ పండే అవుతుంది. నాలుగు పడితే తెలుగులో చెమ్మా, కన్నడంలో చౌకా. ఎనిమిది అష్టా, కన్నడంలో బారా. అందుకే వాళ్ళ ఆట పేరు చౌకాబారా. మా అక్కయ్య నాలుగు పడితే 'చౌకా' అని అరుస్తుంది, కాయ చస్తే 'వెట్టు పడె' అంటుంది. వెట్టు తమిళం, పడె మన తెలుగు. మూడు భాషల నడుమ మనవాళ్ళు ఎట్లా బతికారో ఆ ఒక్క ఆటలో వినిపిస్తుంది. ఫోన్లో ఉన్నవి 'హోమ్', 'కిల్' అనే రెండు మాటలే.

కాబట్టి నా మనవి ఇదీ. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే గచ్చు మీద సుద్దముక్కతో 25 గళ్ళు గీయండి. గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒక పక్క అరగదీసి వాడండి. వాళ్ళతో కూర్చొని ఆడండి, పక్కన ఫోన్లో రికార్డింగ్ పెట్టండి. 'ఏమంటారు చెప్పమ్మా' అని అడిగితే వాళ్ళకు గుర్తు రాదు. కాయ చచ్చినప్పుడు దానంతటదే నోట్లోంచి వస్తుంది. ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నదీ రాసి పెట్టండి. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకు రేపు ఇదే ముడిసరుకు.

మర్నాడు మేమూ అట్లాగే ఆడాం. మనవరాలు ఒక కాయ నరికి "వెట్టు పడె!" అని కేక వేసింది. అక్కయ్య నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డింగ్‌లో ఉంది.