పోకర్‌నే ఉద్యోగం చేసుకోవచ్చా? అపోహలు – వాస్తవాలు

‘పొద్దున్నుంచి రాత్రిదాకా ఆఫీసులో కూర్చుంటే వచ్చే జీతం ఇంతే. పోకర్ బాగా ఆడగలను. అదే వృత్తిగా పెట్టుకుంటే తప్పేంటి?’ 22, 23 ఏళ్ల కుర్రాడు ఈ మాట అనగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. ‘పేకాట రాయుడివి అవుతావా?’ అని తండ్రి కేకలేస్తాడు. ‘మీకు ఆట అర్థం కాదు’ అని కొడుకు విసురుగా లేచిపోతాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, ఇద్దరి దగ్గరా అపోహలున్నాయి. పోకర్‌కు నైపుణ్యం కావాలి, సందేహం లేదు. అయితే నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఏ ఆటైనా కూడు పెట్టదు. నడుమ పెట్టుబడి, కాలం, పన్ను, చట్టం ఉన్నాయి. ఉద్యోగం మానేసే ముందు వాటి సంగతి తెలుసుకోవాలి.

అపోహ: పోకర్ ఒట్టి అదృష్టం. మూడు ముక్కలాటకూ దానికీ తేడా లేదు.

వాస్తవం: తేడా ఉంది. ఎక్కువమంది ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచుతారు. మరో ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా బల్ల మీద తెరుస్తారు. పందెం నాలుగు విడతల్లో సాగుతుంది. ప్రతి విడతలోనూ కొనసాగాలా, పెంచాలా, ముక్కలు పడేయాలా అన్నది ఆటగాడే తేల్చుకోవాలి. ఎదుటివాడు పందెం కాసే తీరునుబట్టి అతని చేతిలో ఏముందో అంచనా కట్టడం, గెలిచే అవకాశాన్ని పాట్‌లో (పందేలన్నీ చేరే ఉమ్మడి కుప్పలో) ఉన్న సొమ్ముతో బేరీజు వేయడం సాధనతో వచ్చే విద్యలు.

ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ పోకర్‌లో అతిపెద్ద పోటీలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ 2010 ఫలితాలను పరిశీలించారు. అప్పటికే దిట్టలుగా పేరున్న ఆటగాళ్లకు పెట్టిన సొమ్ము మీద సగటున 30 శాతానికి పైగా లాభం వచ్చింది. మిగతావాళ్లు సగటున 15 శాతం పోగొట్టుకున్నారు. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘లిబ్రేటస్’ ప్రోగ్రామ్ 1,20,000 చేతులు (పంపకాలు) ఆడి నలుగురు మేటి ఆటగాళ్లను ఓడించింది. అంతా అదృష్టమే అయితే ఇవి సాధ్యమయ్యేవి కావు.

అపోహ: బాగా ఆడేవాడికి నెలనెలా డబ్బు వస్తుంది.

వాస్తవం: ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక్క చెయ్యి దగ్గరగా చూద్దాం. మీకు రెండు ఆసులు వచ్చాయి. సగటున 221 పంపకాలకు ఒకసారి వచ్చే చెయ్యి, అంతకు మించింది లేదు. ఎదుటివాడి దగ్గర రెండు రాజులు. బల్ల మీద ఒక్క ముక్కా పడకముందే ఇద్దరూ ఉన్న చిప్స్ అన్నీ ముందుకు తోశారు. మీరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. అయినా సుమారు 18 శాతం సార్లు మీరు ఓడిపోతారు. చివరి ముక్కగా ఆఠీను రాజు తెరుచుకుంటే, తప్పు ఏమీ చేయకుండానే ఆ రాత్రి ఖాళీ చేతులతో లేస్తారు.

ఇప్పుడు లెక్కను కాస్త పొడిగిద్దాం. 100 చేతులకు సగటున 5 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే కట్టే తప్పనిసరి పందెం) మిగిల్చుకునేవాడు మంచి ఆటగాడే. ఆ 100 చేతుల్లో ఫలితం సగటుకు 90 బ్లైండ్లు అటూ ఇటూ ఊగడం మామూలు. 10,000 చేతులు అయ్యేసరికి అతనికి రావాల్సిన లాభం 500 బ్లైండ్లు, ఊగిసలాట మాత్రం 900 బ్లైండ్లు. అంటే అంత ఆడాక కూడా నష్టంలో ఉండే అవకాశం దాదాపు 29 శాతం. క్యాసినో బల్ల మీద గంటకు 25 నుంచి 30 చేతులకు మించి పడవు. వారానికి 40 గంటలు కూర్చుంటే 10,000 చేతులకు దాదాపు రెండు నెలలు పడుతుంది. ఈలోగా ఇంటి అద్దె ఆగదు, ఈఎంఐ ఆగదు.

ఇదే లెక్కను తిరగేస్తే ఇంకో చేదు నిజం బయటపడుతుంది. అంతే తేడాతో ఓడిపోవాల్సిన ఆటగాడు కూడా రెండు నెలల తర్వాత లాభంలో ఉండే అవకాశం అదే 29 శాతం. కాబట్టి ‘రెండు నెలలుగా గెలుస్తున్నాను, రాజీనామా చేసేస్తాను’ అనేవాడి దగ్గర ఉన్నది ఇంకా రుజువు కాదు. అనుభవమున్నవాళ్లు కనీసం 30, 40 బై-ఇన్లకు (బల్ల దగ్గర కూర్చోవడానికి పెట్టే సొమ్ము) సరిపడే మొత్తాన్ని బ్యాంక్‌రోల్‌గా విడిగా ఉంచుకుని, ఇంటి ఖర్చులకు వేరే నిల్వ పెట్టుకునేది ఇందుకే.

అపోహ: బల్ల దగ్గర అందరికన్నా కాస్త మెరుగ్గా ఆడితే చాలు.

వాస్తవం: చాలదు. బల్ల నడిపేవాడి వాటా కూడా గెలవాలి. దాన్నే రేక్ అంటారు. ఉదాహరణకు 9 మంది తలా 20,000 రూపాయలతో కూర్చున్నారనుకుందాం. బల్ల మీద మొత్తం 1,80,000. గంటకు 25 చేతులు, ఒక్కో పాట్ నుంచి సగటున 150 రూపాయల రేక్ అనుకుంటే గంటకు 3,750. ఎనిమిది గంటలకు 30,000 రూపాయలు బల్ల దిగి వెళ్లిపోయాయి. తొమ్మిది మందీ సమానంగా ఆడితే తొమ్మిది మందీ నష్టపోతారు. ఉద్యోగి జీతం అతని పని వల్ల పుట్టిన విలువలోంచి వస్తుంది. పోకర్ ఆటగాడి రాబడి ఎదురుగా కూర్చున్నవాళ్ల జేబులోంచి వస్తుంది. బలహీనంగా ఆడేవాళ్లు రాకపోతే ఎంత దిట్టకైనా గిట్టదు.

పైగా ఆ బలహీనులు తగ్గిపోతున్నారు. ప్రతి సందర్భంలో ఎలా ఆడాలో లెక్కగట్టి చెప్పే సాల్వర్ సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఎవరైనా కొనుక్కోవచ్చు. పదిహేనేళ్ల కిందట మేటి ఆటగాళ్లకే తెలిసిన మెలకువలు ఇప్పుడు కాలేజీ కుర్రాళ్లకూ తెలుసు. నిన్నటి నైపుణ్యం ఇవాళ్టి కనీస అర్హత అయిపోయింది.

అపోహ: ఒక్క పెద్ద టోర్నీ కొడితే జీవితం స్థిరపడినట్టే.

వాస్తవం: ఈ కల పుట్టిన ఏడాది 2003. టెనెసీకి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా లాస్ వేగస్ వెళ్లి, వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీ (మెయిన్ ఈవెంట్) గెలిచి 25 లక్షల డాలర్లు అందుకున్నాడు. ఆ ఏడాది పోటీదారులు 839 మంది. 2006 నాటికి 8,773 మంది అయ్యారు. 2024లో 10,112 మంది తలా 10,000 డాలర్లు కట్టి ఆడారు. వారిలో ఎంతో కొంత బహుమతి దక్కింది సుమారు 15 శాతానికే. మిగతావాళ్లకు కట్టిన సొమ్మంతా పోయింది.

గెలిచినవాడికి దక్కేదీ పేపర్లో కనిపించినంత కాదు. 2009లో 21 ఏళ్లకే మెయిన్ ఈవెంట్ గెలిచిన జో కాడాకు 85 లక్షల డాలర్లు వచ్చాయి. ఒప్పందం ప్రకారం అందులో సగం అతని మీద పెట్టుబడి పెట్టినవాళ్లకు వెళ్లింది. సొంత డబ్బు చాలక ఇలా వాటాలిచ్చి ఆడటం ఈ రంగంలో సర్వసాధారణం. ఆటగాళ్ల పేరుపక్కన ఇంటర్నెట్‌లో కనిపించే ‘మొత్తం గెలుపు’ అంకెల్లో ప్రవేశ రుసుములు, ప్రయాణాలు, హోటల్ ఖర్చులు తీసివేసి ఉండవు.

ఇక స్టూ ఉంగర్. 1980, 1981, 1997ల్లో మెయిన్ ఈవెంట్ మూడుసార్లు గెలిచాడు. అతనంత సహజ ప్రతిభ ఉన్న పేకాటగాడు లేడని ఆ రంగంలోని వాళ్లే అంటారు. మాదకద్రవ్యాలు, ఇతర పందేలు అన్నీ మింగేశాయి. మూడో విజయం తర్వాతి ఏడాదే, 45 ఏళ్ల వయసులో, లాస్ వేగస్‌లోని ఒక మోటల్ గదిలో కన్నుమూశాడు. ముక్కల్ని అదుపు చేసే తెలివీ, డబ్బును నిలబెట్టుకునే నిగ్రహమూ ఒకటి కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అపోహ: నైపుణ్యపు ఆట కాబట్టి చట్టంతో ఇబ్బంది లేదు.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలం సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై నడిచిన కేసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య సాగిన ఆ వ్యాజ్యంలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. 1967 నాటి ఆ తీర్పు రమ్మీ గురించి. పోకర్ మీద ఏకాభిప్రాయం లేదు. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం పోకర్‌ను జూదం పరిధి నుంచి తప్పించింది. గుజరాత్ హైకోర్టు 2017లో అది అదృష్టపు ఆటే అంది.

మన రెండు రాష్ట్రాల్లో పరిస్థితి మరీ బిగుతు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఇంకా ముందుకెళ్లి, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవాళ్లకు ఆ చట్టంలో శిక్ష లేదు, కానీ ఆడే చోటే లేకుండా పోయింది. పేరున్న యాప్‌లు రోజుల వ్యవధిలో డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి.

అమెరికాలోనూ 2011 ఏప్రిల్ 15న ఇలాగే జరిగింది. ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్లపై కేసు పెట్టి అక్కడ వాటిని మూయించింది. ఫుల్ టిల్ట్ సైట్‌లో చిక్కుకుపోయిన డబ్బు అమెరికా ఆటగాళ్లకు తిరిగి రావడం మొదలైంది 2014లో. ఒక్క పూటలో పని చేసే చోటే మాయమయ్యే వృత్తి ఇది.

అపోహ: గెలిచిందంతా మనదే.

వాస్తవం: మన దేశంలో పేకాట గెలుపు మీద 30 శాతం పన్ను, సెస్సు అదనం. జీతగాళ్లకున్న శ్లాబుల వెసులుబాటు దీనికి లేదు. గెలవడానికి పెట్టిన ఖర్చులూ మినహాయించరు. గోవాలో ఏడాదిలో 50,000 రూపాయల టోర్నీలు పది ఆడి, ఒక్కదానిలో 6 లక్షలు గెలిచారనుకుందాం. 5 లక్షలు ఖర్చు, 6 లక్షల రాబడి, నికరంగా లక్ష మిగిలిందని మీ లెక్క. 6 లక్షల మీద 30 శాతం, అంటే 1,80,000 పన్ను. సెస్సు కలపకుండానే చేతి నుంచి 80,000 పోయింది. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ కొత్త మెలిక వచ్చింది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 నుంచి జూదంలో పోయిన సొమ్ములో 90 శాతమే మినహాయింపుకు వస్తుంది. లాభం, నష్టం సమానమైనా పన్ను కట్టాల్సి రావచ్చు.

అపోహ: బాస్ లేడు, టైమింగులు లేవు, పూర్తి స్వేచ్ఛ.

వాస్తవం: సరదాగా ఆడేవాళ్లు వచ్చేది రాత్రిళ్లు, వారాంతాలు, పండగలు. వృత్తిగా ఆడేవాడి డ్యూటీ కూడా అప్పుడే. ఊళ్లో పెళ్లయినా, సంక్రాంతయినా మంచి బల్ల వదులుకోలేడు. ఆడే గంటలకు తోడు చదివే గంటలు, ఆడిన చేతుల్ని తిరగేసి తప్పులు వెతికే గంటలు ఉంటాయి. వరుసగా ఓడినప్పుడు కోపంతో దారి తప్పి ఆడటాన్ని టిల్ట్ అంటారు. రోజూ దాన్ని కాచుకోవాలి.

పీఎఫ్, ఆరోగ్య బీమా, జీతం స్లిప్పు ఉండవు. స్లిప్పు లేనిదే ఇంటి లోను తేలిక కాదు. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకయితే ఈ ఆలోచనే కుదరదు. ఆ వీసా యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి ఉద్యోగం వదిలితే దేశంలో ఉండే హక్కే పోతుంది. ఉద్యోగాల్లోనూ లేఆఫ్‌లు ఉన్నాయి, నిజమే. కానీ కొలువు పోయినా మూడేళ్ల అనుభవం, తెలిసిన మనుషులు, నేర్చిన పని తోడుంటాయి. మూడేళ్లు పోకర్ ఆడి వచ్చినవాడు ఆ ఖాళీని ప్రతి ఇంటర్వ్యూలోనూ వివరించుకోవాలి.

అపోహ: పేకముక్క పట్టినవాడు ఇక ఎందుకూ పనికిరాడు.

వాస్తవం: ఇది పెద్దలు వదులుకోవాల్సిన అపోహ. మూడు వరల్డ్ సిరీస్ బ్రేస్‌లెట్లు (పోటీ విజేతకిచ్చే బహుమతి) గెలిచిన వెనెస్సా సెల్బ్‌స్ట్ యేల్‌లో న్యాయవిద్య చదివింది. వృత్తి ఆట వదిలి హెడ్జ్ ఫండ్‌లో చేరింది. అమెరికాలోని సస్క్వెహానా ట్రేడింగ్ సంస్థ తన ఉద్యోగులకు శిక్షణలో భాగంగా పోకర్ నేర్పుతుంది. అరకొర సమాచారంతో నిర్ణయం తీసుకోవడం, ఫలితాన్నిబట్టి కాక ఆలోచననుబట్టి తప్పొప్పులు తేల్చుకోవడం ఎక్కడైనా అక్కరకొచ్చే గుణాలు.

అయితే ఆటకూ వ్యసనానికీ నడుమ గీత ఉంది. పోయింది రాబట్టుకోవాలని పందెం పెంచడం, అప్పు యాప్‌ల నుంచి డబ్బు తేవడం, ఇంట్లో అబద్ధాలు చెప్పడం, మానాలనుకున్నా మానలేకపోవడం కనిపిస్తే అది క్రమశిక్షణ లోపం కాదు, జబ్బు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగానే గుర్తించింది. తిట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే సలహా ఇస్తారు.

ఇంతకీ ఏం చేయాలి?

చట్టం ఒప్పుకునే చోట ఉండి, ఇంకా ఈ దారి మీద మనసున్నవాళ్లు ముందు నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. పన్ను, రేక్, ప్రయాణాలు పోను గంటకు ఎంత మిగిలింది? ఆ లెక్క ఎన్ని వేల చేతుల మీద వేసింది? ఆరు నెలలు పైసా రాకపోయినా ఇల్లు గడిచే డబ్బు బ్యాంక్‌రోల్ కాకుండా విడిగా ఉందా? రేపు ఆట మూతపడితే చేతిలో ఉన్న మరో విద్య ఏది? ఒక్కదానికి జవాబు రాయలేకపోయినా ఉద్యోగం వదలకండి. జీతం వస్తుండగా, పోయినా బాధలేని సొమ్ముతో, అప్పు అన్నమాట లేకుండా ఆడుకోండి. లెక్కలు నిజాయితీగా రాయండి.

తల్లిదండ్రులు కూడా అరిచేముందు ఆ కాగితం చూపించమని అడగాలి. కొడుకు అంకెలు తెచ్చి కూర్చుంటే వాటి మీదే మాట్లాడవచ్చు. అంకెలు చూపించనంటే, ఆ జవాబులోనే అసలు పరిస్థితి తెలిసిపోతుంది.