వెన్నెముక – గ్రామస్థులు తెలిసికొనవలసిన సంగతులు

బావులను, బాటలను, బడి కప్పులను గూర్చి పంచాయతీ సభ్యులకు ఈ పుటలలో తరచు వ్రాయుచుందుము. ఈ నెల మనిషి వీపును గూర్చి వ్రాయుచున్నాము. చర్ల వంటి అటవీ ప్రాంతమున ఇదియు పంచాయతీ విషయమే. తాటిచెట్టుపై మోకు జారినను, ట్రాక్టరు బోల్తాపడినను, పడినవాని చుట్టు మొదట చేరువారు వైద్యులు కారు, ఊరివారే. వారు అతనిని ఎట్లు ఎత్తుదురో దానిపై అతడు మరల నడచుట కొన్ని వేళల ఆధారపడియుండును.

పుట్టుకతో మనకు సాధారణముగా 33 వెన్నుపూసలుండును. మెడలో 7, రొమ్ము వెనుక 12, నడుములో 5. వాని దిగువ 5 పూసలు పెద్దవారిలో ఒకే ఎముకగా అతుకుకొనును. చివరి నాలుగును తోక మొదలువలె కలిసిపోవును. మెడ నుండి నడుము వరకు పూసల నడుమ మెత్తని బిళ్లలు గలవు. కడవ క్రింద చుట్టకుదురు ఎట్టిదో ఇవియు అట్టివే.

ప్రతి పూసకును వెనుకవైపున ఒక రంధ్రము గలదు. ఆ రంధ్రములన్నియు వరుసగా చేరి గొట్టమగును. అందులో మెదడు నుండి దిగివచ్చు వెన్నుపాము ఉన్నది. అది చిటికెనవ్రేలి లావు మాత్రమే. పెద్దవారిలో పొడవు సుమారు 45 సెం.మీ. వెన్ను పొడవునను 31 జతల నాడులు ఇరుప్రక్కలకు వెలువడును. మెడలోని నాడులు ఊపిరిని, చేతులను నడపును, నడుములోనివి కాళ్లను, అట్టడుగువి మలమూత్రములను అదుపుచేయును. కనుక దెబ్బ ఎంత పైన తగిలిన నష్టమంత అధికము.

వెన్నుకు ఇరువైపుల నిలువునా సాగిన కండరములు మనలను నిటారుగా నిలుపును. ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టు స్త్రీల నడుమునొప్పి చాలవరకు ఈ కండరముల అలసటయే. మంచము పట్టుటకంటె మెల్లగా తిరుగుటయే దీనికి మేలు. అయితే కాలు బలము తగ్గినను, తొడల నడుమ స్పర్శ పోయినను, మూత్రము బిగిసినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

ఇక పడినవాని సంగతి. విరిగిన ఎముక అతుకును; తెగిన వెన్నుపామును మునుపటివలె చేయు చికిత్స నేటికిని లేదు. పూస విరిగియు వెన్నుపాము చెడక మిగిలియుండవచ్చును. అట్టివానిని చంకలు పట్టి లేపి కూర్చుండబెట్టినచో విరిగిన పూస కదలి దానిని నలిపివేయవచ్చును. దుప్పటి డోలీలో వీపు విల్లువలె వంగును. బాటలేని గూడెముల నుండి ఎందరో గర్భిణులను రోడ్డు చేర్చిన డోలీని మేము నిందింపము. వెన్ను దెబ్బకు మాత్రము అది తగదు.

మొదట 108కి ఫోను చేయవలెను. బండి వచ్చువరకు అతనిని కదలింపక, తల ఊగకుండ ఒకరు రెండు చేతుల పట్టియుంచవలెను. బండి రాలేని చోట వెడల్పయిన బల్లనో తలుపురెక్కనో తేవలెను. తల పట్టినవాడు చెప్పినపుడు మరి నలుగురు కలిసి, తల, మెడ, మొండెము ఒకే దుంగవలె ప్రక్కకు దొర్లించి, బల్లను క్రిందకు జొనుపవలెను. తలకు దిండు పెట్టరాదు. ఇరుప్రక్కల బట్టచుట్టలుంచి కట్టవలెను. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంచుల వెంబడి చేతిపట్టుకు రంధ్రములు గల బల్లను ఊరి వడ్రంగియే చేయగలడు. దానిని పంచాయతీ గదిలో పెట్టి తాళము వేయకుండిన చాలును!

చర్ల నుండి భద్రాచలము ఆసుపత్రి సుమారు 60 కి.మీ. స్పర్శ లేనివానికి గట్టి బల్లపై చర్మము నలిగినను తెలియదు, కాన దానిపై మడత దుప్పటి పరచవలెను. పూర్వము వెన్నుపాము దెబ్బతిన్నవారిలో పెక్కుమంది ఇట్టి పుండ్ల వలనను, మూత్రాశయములో చీముపట్టుట వలనను మరణించుచుండిరి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఇట్టి రోగులకు ప్రత్యేక విభాగము నడుపనారంభించి, రేయింబవళ్లు రెండేసి గంటలకొకసారి వారిని ప్రక్క మార్పించెను. వారు ఏండ్ల తరబడి జీవింపగలరని దానితో లోకమునకు తెలిసినది. అట్టి రోగి ఊరికి తిరిగివచ్చినపుడు ఈ పని ఇంటిలో ఒక్కరివలన సాగదు. రాత్రివేళ ఇరుగుపొరుగువారు వంతులు వేసికొనునట్లు వార్డు సభ్యుడు ఆశా కార్యకర్తతో కలిసి ఏర్పాటు చేయవచ్చును.