కడుపు, కునుకు, గడియారం

ఎనభై రెండేళ్ల హిరోము ఇనాదా అయిదు సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. 2015 అక్టోబరు, హవాయి దీవుల్లోని కోనా పట్టణం. పొద్దున్నే సముద్రంలో 3.8 కిలోమీటర్లు ఈది, నల్లటి లావా రాళ్ల మధ్య ఎండలో 180 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆపైన 42.2 కిలోమీటర్లు పరుగెత్తాడు. ముగింపు గీత కనిపించేంత దగ్గరికొచ్చి తూలి పడ్డాడు. లేచి గీత దాటేసరికి పదిహేడు గంటల అయిదు సెకన్లయింది. ఐరన్‌మ్యాన్ పోటీకి గడువు సరిగ్గా పదిహేడు గంటలు. అంతే, రోజంతా పడ్డ పాట్లు లెక్కలోకి రాలేదు.

ఆ పెద్దాయన పుట్టు క్రీడాకారుడేమీ కాదు. ఉద్యోగం విరమించాక, అరవై దాటిన తర్వాత ఈత మొదలుపెట్టిన జపాన్ పాత్రికేయుడు. మొదటి ట్రయాథ్లాన్ చేసేనాటికి డెబ్బై ఏళ్లు. 2016లో మళ్లీ కోనా వచ్చి గడువులోపే ముగించాడు. 2018లో, ఎనభై అయిదేళ్ల వయసులో, 16 గంటల 53 నిమిషాల్లో పూర్తి చేశాడు. అదే రోజు అదే దారిలో పోటీ గెలిచిన జర్మన్ ప్రొఫెషనల్ పాట్రిక్ లాంగేకు పట్టిన సమయం 7 గంటల 52 నిమిషాలు. కోనాలో ఎనిమిది గంటల్లోపు ముగించిన మొదటి మనిషి అతనే. గీత దాటిన కాసేపటికి మోకాలి మీద కూర్చుని ప్రియురాలిని పెళ్లికి అడిగాడు కూడా. అతను స్నానం చేసి, భోంచేసి, హాయిగా ఓ నిద్ర తీసేంత సేపూ ఇనాదా రోడ్డు మీదే ఉన్నాడు.

గల్లీలో క్రికెట్ ఆడుకునే గుమస్తాను వరల్డ్ కప్ ఫైనల్ పిచ్ మీదకు ఎవరూ రానివ్వరు. ఈ సుదూర పోటీల్లో మాత్రం ప్రపంచ చాంపియన్‌కూ, బ్యాంకు ఉద్యోగికీ, పళ్ల డాక్టరుకూ అదే సముద్రం, అదే గాలి, అదే గీత. అమెచ్యూర్లకు ఇక్కడ చోటు దయతో దక్కింది కాదు. అసలు ఈ ఆటను పుట్టించిందే వాళ్లు.

కథ మొదలైంది ఓ వాదంతో. 1977లో హవాయిలోని ఓవాహు దీవిలో ఒక రిలే పరుగు బహుమతుల సభ. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగువాళ్లా అన్న తగవు లేచింది. కాదు, సైకిలు తొక్కేవాళ్లే అందరికన్నా గట్టివాళ్లని అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్ అడ్డుపడ్డాడు. తేల్చుకోవడానికి ఆయనా, భార్య జూడీ ఓ ఉపాయం చెప్పారు. దీవిలో అప్పటికే జరుగుతున్న మూడు పోటీలను, అంటే వైకీకీ సముద్రపు ఈతను, దీవి చుట్టూ సైకిలు పోటీని, హొనొలులు మారథాన్‌ను ఒకే రోజున వరసగా పెడదామన్నారు. దీవి చుట్టూ తిరిగే సైకిలు దారి నిజానికి 115 మైళ్లు. మారథాన్ మొదలయ్యే చోటే అది ముగిసేలా మూడు మైళ్లు కోసేశారు. నేడు ప్రపంచమంతా కొలత తప్పకుండా తొక్కుతున్న 180 కిలోమీటర్ల వెనక ఉన్న శాస్త్రం ఈపాటిదే.

1978 ఫిబ్రవరి 18న పదిహేను మంది బయల్దేరారు, పన్నెండు మంది పూర్తి చేశారు. మారథాన్ మొదట్లో ముందున్నవాడు జాన్ డన్‌బార్. అతని సహాయకుల దగ్గర నీళ్లు నిండుకున్నాయి. చేతికందిన బీరు తాగించారు. తర్వాత అతను ఆగి ఉన్న కార్లకు గుద్దుకుంటూ పరుగెత్తాడని చెబుతారు. టాక్సీ నడుపుకునే గోర్డన్ హాలర్ అతన్ని దాటి 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. మరుసటి ఏడాది లిన్ లెమేర్ అనే సైక్లిస్టు బరిలో దిగిన ఏకైక మహిళగా మొత్తం మీద అయిదో స్థానంలో నిలిచింది.

ఈ ఆటను ఇళ్లలోకి తెచ్చింది మాత్రం ఓటమి. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే ఇరవై మూడేళ్ల విద్యార్థిని తన చదువుకు పనికొస్తుందని, అప్పటికి కోనాకు మారిన ఈ పోటీలో దిగింది. అందరికన్నా ముందు వస్తూ వస్తూ చివరి గజాల్లో కాళ్లు మొరాయించి కుప్పకూలింది. కేథ్లీన్ మెకార్ట్నీ దాటిపోతుంటే మాస్ నేల మీద పాకుతూ గీత చేరింది. తేడా 29 సెకన్లు. టీవీలో ఆ దృశ్యం చూసిన జనానికి విజేత పేరు గుర్తుండలేదు, పాకినమ్మాయి గుర్తుండిపోయింది. ఆ తర్వాతే డబ్బు, స్పాన్సర్లు, ప్రొఫెషనల్ విభాగం బలపడ్డాయి. 2024లో అదే లాంగే కోనా రికార్డును 7 గంటల 35 నిమిషాలకు దించాడు.

ఇన్ని గంటలు శరీరాన్ని నడిపేది కండరాలేనని బయటివాళ్లు అనుకుంటారు. పోటీలో దిగినవాళ్లనడిగితే కడుపు అంటారు. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో నిలవుండే పిండిపదార్థం సుమారు 2,000 కేలరీలు. ఐరన్‌మ్యాన్‌కు ఖర్చయ్యేది దానికి నాలుగైదు రెట్లు. ఒంట్లో కొవ్వు ఎంతున్నా అది నిదానంగా కరుగుతుంది, వేగానికి సరిపోదు. కాబట్టి తొక్కుతూనే తినాలి. కానీ పేగు గంటకు గ్లూకోజు 60 గ్రాములకు మించి లోపలికి తీసుకోలేదు. ఫ్రక్టోజు వేరే ద్వారం గుండా వెళ్తుంది గనుక రెండూ కలిపితే 90 గ్రాముల దాకా పడుతుంది. పోటీదారులు దారిలో మింగే జెల్ ప్యాకెట్ల మీద ఆ రెండు చక్కెరల నిష్పత్తి అచ్చేసేది అందుకే. ఇంతా చేస్తే, కష్టపడే కాళ్ల వైపు రక్తం మళ్లిపోయి పేగుకు సరఫరా తగ్గుతుంది. తిన్నది తిన్నట్టే తిరగబడుతుంది. కాళ్లకు చేయించినట్టే కడుపుకూ నెలల తరబడి సాధన చేయించాల్సిందే.

నీళ్ల విషయంలో చాలామంది తెలివైనవాళ్లే బోల్తా పడతారు. చెమట పడుతోంది కదా అని గుక్కతిప్పుకోకుండా మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే మెదడు వాపు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతానికి ఈ లోపం కనిపించింది. 2015లో ఫ్రాంక్‌ఫర్ట్ ఐరన్‌మ్యాన్‌లో ఒక యువ పోటీదారు దీనివల్లే చనిపోయాడు. ఎండలో పనిచేసేవాళ్లకు ఉప్పేసిన మజ్జిగ ఇచ్చే మన ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. జిమ్‌లో నీళ్లు, నీళ్లు అని తరిమేవాళ్లకే కొత్త.

కడుపును జయించినవాళ్లకు నిద్ర కాచుక్కూర్చుంటుంది. రేస్ అక్రాస్ అమెరికా అనే సైకిలు పోటీ, ముద్దుగా ర్యామ్, ఈ విషయంలో అన్నిటికన్నా నిర్దయగా ఉంటుంది. కాలిఫోర్నియా తీరం నుంచి తూర్పు సముద్రం దాకా సుమారు 4,800 కిలోమీటర్లు. ఎడారి వేడి, రాకీ పర్వతాల చలి, కాన్సస్ మైదానాల ఎదురుగాలి, చివర్లో అపలాచియన్ల ఎగుడుదిగుళ్లు. టూర్ డి ఫ్రాన్స్‌లో రాత్రికి హోటలూ మసాజూ ఉంటాయి. ఇక్కడ మొదలైన గడియారం ఆఖరు దాకా ఆగదు. ఒంటరిగా తొక్కేవాళ్లకు గడువు పన్నెండు రోజులు. ఎంతసేపు పడుకుంటే అంత వెనకబడినట్టే.

1982లో మొదటిసారి నలుగురే తొక్కారు. లాన్ హాల్డెమన్ 9 రోజుల 20 గంటల్లో న్యూయార్క్ చేరి గెలిచాడు. ఆ నలుగురిలో ఒకడైన మైకేల్ షెర్మర్ పేరు వైద్యుల నోట కూడా నిలిచింది. రోజుల తరబడి ముందుకు వంగి తొక్కేసరికి మెడ కండరాలు పూర్తిగా చేతులెత్తేసి తల గుండెల మీదికి వాలిపోతుంది. దానికి 'షెర్మర్స్ నెక్' అని పేరు. ఆ స్థితిలో కొందరు తలకు పట్టీలు, కర్రలు కట్టుకుని మరీ తొక్కారు. 1983లో నెబ్రాస్కాలో, 83 గంటలు నిద్ర లేకుండా తొక్కాక, తన వెంట వస్తున్న వ్యాను గ్రహాంతర నౌకలా, దిగివచ్చిన సొంత సహాయకులు మనుషుల వేషంలో తనను ఎత్తుకుపోయేవాళ్లలా షెర్మర్‌కు కనబడ్డారు. గంటన్నర పడుకోబెడితే భ్రమ పోయింది. తర్వాతి కాలంలో ఆయన స్కెప్టిక్ పత్రిక స్థాపించి గ్రహాంతరవాసుల కథలను హేతువుతో విడదీసే పనిలో పడ్డాడు. ఆ పనికి ఇంతకన్నా అర్హత ఇంకేం కావాలి?

స్లొవేనియా సైనికుడు యూరే రోబిచ్ ఈ పోటీని అయిదుసార్లు గెలిచాడు. తెలివి తప్పే దశ వస్తుందని అతనికి ముందే తెలుసు. అందుకే అన్ని నిర్ణయాలూ సహాయకులకు వదిలేసేవాడు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో వాళ్లే చెప్పాలి. అతను కేవలం తొక్కాలి. ఒకసారి ఎవరో గుర్రాల మీద తుపాకులతో తనను తరుముతున్నారని భ్రమ పడితే, అవునవును, తొందరగా తొక్కమన్నారట వెనక కారులోవాళ్లు! రోడ్డు పక్క పోస్టు డబ్బాలతో కలబడబోయిన సందర్భాలూ ఉన్నాయి. 2010లో అయిదోసారి గెలిచిన కొన్ని నెలలకే సొంతూరి దగ్గర సాధనలో ఉండగా కారు ఢీకొని చనిపోయాడు.

అతని తర్వాత ఆస్ట్రియా వాసి క్రిస్టోఫ్ స్ట్రాసర్ ఆరుసార్లు గెలిచి, 2014లో 7 రోజుల 15 గంటల 56 నిమిషాల రికార్డు పెట్టాడు. రోజుకు సుమారు గంట నిద్ర. ఒంటరి విభాగంలో ర్యామ్ పూర్తి చేసిన మొదటి భారతీయుడు సైనిక వైద్యుడు లెఫ్టినెంట్ కల్నల్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్. 2016లో మధ్యలోనే ఆగిపోయిన ఆయన 2017లో 11 రోజుల 18 గంటల 45 నిమిషాల్లో ముగించాడు. కొద్ది గంటల తేడాతో నాగపూర్ డాక్టర్ అమిత్ సమర్థ్ కూడా చేరాడు. అంతకు రెండేళ్ల ముందు ఇద్దరి జట్టుగా పూర్తి చేసిన నాసిక్ సోదరులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ కూడా డాక్టర్లే. రోగులకు విశ్రాంతి రాసిచ్చే చేతులివి!

సహాయకుల కారు కూడా అక్కర్లేదనే పోటీలున్నాయి. 2013లో బ్రిటన్‌కు చెందిన మైక్ హాల్ మొదలుపెట్టిన ట్రాన్స్‌కాంటినెంటల్‌లో యూరప్‌ను అడ్డంగా దాటాలి. తిండి దారిలో కొనుక్కోవాలి, దారి తామే గీసుకోవాలి, నిద్ర బస్ షెల్టర్లోనైనా సరే. 2019లో ఈ పోటీని గెలిచింది ఇరవై నాలుగేళ్ల ఫియోనా కోల్బింగర్. జర్మనీలో క్యాన్సర్ పరిశోధకురాలు, అలాంటి పోటీలో పాల్గొనడం అదే మొదలు. బల్గేరియా నుంచి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ దాకా సుమారు 4,000 కిలోమీటర్లు 10 రోజుల 2 గంటల్లో తొక్కి మగవాళ్లందర్నీ వెనక్కి నెట్టింది. వంద మీటర్ల పరుగులో మగ, ఆడ తేడాను ఏ సాధనా చెరపలేదు. దూరం వేల కిలోమీటర్లకు సాగినప్పుడు మాత్రం ఎవరు తక్కువ ఆగారు, ఎవరు దారి తప్పలేదు, ఎవరి కడుపు సహకరించింది అన్నవి కండబలంతో పోటీపడతాయి. ఉద్యోగం చేసుకునే అమెచ్యూర్ ప్రొఫెషనల్‌కు దగ్గరగా రాగలిగేదీ ఇక్కడే.

ఇదంతా అందంగా చెప్పుకునే కథలే అనుకుంటే పొరపాటు. ర్యామ్‌కు వాహనాలు, సహాయకుల బృందం, విమాన టికెట్లు అన్నీ కలిస్తే లక్షల్లో తేలుతుంది. ఐరన్‌మ్యాన్ సైకిలే ఒక కారు ధర పలకొచ్చు. వారానికి పదిహేను, ఇరవై గంటల సాధన అంటే ఆదివారాలు ఇంట్లోవాళ్లవి కావు. ఎవరూ లెక్కగట్టని ఖర్చు అదే. ఇక రోడ్డు సంగతి. మైక్ హాల్ 2017లో ఆస్ట్రేలియాను దాటే పోటీలో, కాన్‌బెర్రా దగ్గర తెల్లవారుజామున కారు ఢీకొని చనిపోయాడు. పోటీని అక్కడితో ఆపేశారు.

మన దగ్గర ఈ సరదా ఉన్నవాళ్లకు ఖర్చు తక్కువ దారి బ్రెవే, అంటే గడువులోపు నిర్ణీత దూరం తొక్కే సైకిలు యాత్ర. గోవాలో 2019 నుంచి జరుగుతున్న సగం ఐరన్‌మ్యాన్‌కు ఈతా పరుగూ రావాలి. బ్రెవేకు సైకిలు, లైట్లు, హెల్మెట్ చాలు. హైదరాబాద్ ర్యాండోనియర్స్ వంటి క్లబ్బులు వీటిని నడుపుతాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై, 400కు ఇరవై ఏడు, 600కు నలభై గంటల గడువు. చేతికిచ్చిన కార్డు మీద దారిలోని చోట్ల ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేసేవాళ్లు లేనిచోట ఏటీఎం చీటీయో, హోటల్ బిల్లో సాక్ష్యం. ర్యాంకులు లేవు, బహుమతి సొమ్ము లేదు. నాలుగు దూరాలూ ఒకే ఏడాదిలో పూర్తి చేస్తే 1891లో పుట్టిన పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు అర్హత వస్తుంది. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్లకోసారి. దారిలోని పల్లెల్లో ఊళ్లవాళ్లు ఇళ్ల ముందు బల్లలేసి కాఫీ, రొట్టెలు అందిస్తారు. తర్వాతిది 2027లో.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో తెరుచుకుంది. వేగం, దూరం అలవాటు చేసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ 600 కిలోమీటర్ల బ్రెవే రాత్రంతా జాతీయ రహదారి మీదే సాగుతుంది, అక్కడ కప్పూ లేదు, కంచే లేదు. ఈ పోటీల మోజు మీకు లేకపోవచ్చు. తెల్లవారుజామున మీరు నడిపే కారు ముందు, మెరిసే జాకెట్టు వేసుకుని ఎర్ర లైటుతో ఓ సైకిలు కనబడితే హారన్ మోగించకండి. పక్కన మీటరున్నర జాగా వదిలి దాటండి. ఆ మనిషి రాత్రంతా నిద్రపోలేదు.