ఎవర్ని దింపాలె? ఈ లొల్లిలో పుట్టిన రికార్డులు

నల్లగొండ గడియారం సెంటర్లో అయినా, పాలమూరు న్యూటౌన్‌లో అయినా మ్యాచ్ ఉన్న రోజు చాయ్ బండి దగ్గర మొదటి ప్రశ్న స్కోరెంత అని కాదు. "ఇయ్యాల ఎవలెవలు ఆడుతున్రే?" అని. పేర్లు తెలిసినంక లొల్లి షురూ. ఆడే పదకొండు మంది గురించి రెండు ముక్కల్లో తేల్చేసి, బయట కూర్చున్న ఒక్కడి గురించి అరగంట కొట్లాడుకుంటారు. "గా పోరన్ని కాదని వీన్నెందుకు దింపిన్రు?" అన్న ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. అందులో కొన్ని వింతలు, కొన్ని రికార్డులు ఇవి. ఒకటి మాత్రం ముందే చెప్తాను: ఈ రికార్డుల్లో చాలావరకు బయట కూర్చున్నోళ్లవే.

అన్నిటికన్నా న్యాయమైన సెలెక్షన్

ఇది మన ఊళ్లలోనే జరుగుతుంది. ఎండాకాలం చెరువు నీళ్లు అడుగంటి శిఖం భూమి గట్టిపడ్డాక పిల్లలు అక్కడ వికెట్లు పాతుతారు. ఒకడు నేల మీద వరసగా గీతలు గీసి, ఒక్కో గీత కొసకు ఒక అంకె రాసి, అంకెలు కనబడకుండా బ్యాట్ అడ్డం పెడతాడు. మిగతావాళ్లు తలా ఒక గీత పట్టుకుంటారు. బ్యాట్ తీసేసరికి ఎవడి గీతకు ఏ అంకె ఉంటే అదే వాడి బ్యాటింగ్ నంబరు. సిఫారసుల్లేవు, ప్రెస్ మీట్ లేదు. మొదటి నంబరు వచ్చినోడు ఎగురుతాడు, ఆఖరుది వచ్చినోడు "తొండి" అని అరుస్తాడు, రెండు నిమిషాల్లో ఆట మొదలవుతుంది.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు. బ్యాట్ ఎవడిదో వాడు ఏ గీతా పట్టుకోడు, నేరుగా ఓపెనింగ్‌కు దిగుతాడు. ఇష్టం లేకపోతే బ్యాట్ చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు.

బ్యాట్ ఓనరే కెప్టెన్

ఈ రూలు దేశం మొత్తానికీ వర్తించిన ఏడాది 1936. అంతకు నాలుగేళ్ల ముందు, 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ సి.కె.నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. అది కూడా నేరుగా దక్కిన పదవి కాదు. ఆ టూర్‌కు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుమారుడు. మహారాజు తన ఆట సంగతి తనకే తెలిసి పక్కకు తప్పుకున్నాడు, రాజకుమారుడికి దెబ్బ తగిలింది. అప్పుడు గాని నాయుడికి దారి దొరకలేదు.

1936 ఇంగ్లండ్ టూర్‌కు మాత్రం పక్కకు తప్పుకునే రాజు దొరకలేదు. ఎన్నికలో గెలిచి కెప్టెన్ అయింది విజయనగరం మహారాజకుమార్, లోకం 'విజ్జీ' అని పిలిచిన మనిషి. అంతకు ముందు సొంత ఖర్చుతో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ లాంటి ఇంగ్లిష్ దిగ్గజాలను ఇండియాకు రప్పించి ఆడించినవాడు. క్రికెట్‌కు డబ్బు పెట్టాడు, కాదనలేం. ఆట సంగతికొస్తే మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు, సగటు 8.25. ఆ టూర్ నడుమ క్రమశిక్షణ పేరు చెప్పి లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపించారు. నాయుడిని అల్పాహారం దగ్గర అందరి ముందూ అవమానించినందుకే బాకా జిలానీ అనే ఆటగాడికి టెస్టు టోపీ దక్కిందని క్రికెట్ లోకం ఇప్పటికీ చెప్పుకుంటుంది. జిలానీ ఆడిన ఆ ఒక్క టెస్టు ఓవల్‌లో జరిగింది. నాయుడికి అదే ఆఖరి టెస్టు. రెండో ఇన్నింగ్స్‌లో 81 కొట్టి వెళ్లాడు.

కెప్టెన్సీ కోసం తగువు పడ్డ ఇద్దరూ తెలుగువాళ్లే. ఇది గుర్తుంచుకోండి, ఎనభై మూడేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

గెలిచిన సిరీసే మొదటిది, అదే చివరిది

1971లో వెస్టిండీస్ టూర్. కీపర్‌గా ఫరూఖ్ ఇంజినీర్ వెళ్తాడని అందరూ అనుకున్నారు. ఆయన ఇంగ్లండ్‌లో కౌంటీ ఆడుతూ దేశవాళీ మ్యాచ్‌లకు రాలేదని పక్కన పెట్టి, హైదరాబాద్ కీపర్ పల్లెమోని కృష్ణమూర్తిని తీసుకెళ్లారు. ఈ ఇంటిపేరు వినగానే పాలమూరు, నల్లగొండ జనం "మనోడేనా?" అని అడుగుతారు. ఆయన పుట్టింది మాత్రం హైదరాబాద్‌లో. ఐదు టెస్టులూ ఆయనే కీపింగ్ చేశాడు. భారత్ 1-0తో నెగ్గింది, వెస్టిండీస్ మీద మనకది తొలి సిరీస్ విజయం. ఆ ఎండాకాలమే ఇంగ్లండ్ టూర్‌లో ఇంజినీర్ తిరిగొచ్చాడు. కృష్ణమూర్తి ఇంకో టెస్టు ఆడలేదు.

134 టెస్టులు, సున్నా ప్రపంచకప్ మ్యాచ్‌లు

వి.వి.ఎస్.లక్ష్మణ్ సంగతి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. 2003 ప్రపంచకప్ జట్టులో ఆయన పేరు లేదు, దినేశ్ మోంగియా పేరుంది. లక్ష్మణ్ చివరికి 134 టెస్టులు ఆడి 8781 పరుగులు చేశాడు గానీ ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచూ ఆడలేదు. భారత్‌లో ఇదే రికార్డు. ప్రపంచ రికార్డు అనుకునేవాళ్లకు చిన్న సవరణ: ఇంగ్లండ్ అలిస్టర్ కుక్ 161 టెస్టులు ఆడాడు, ఆయనా ప్రపంచకప్ మ్యాచ్ ఆడలేదు.

లక్ష్మణ్ విషయంలో ఇంకో లొల్లి కూడా నడిచింది: ఎన్నో నంబర్లో దింపాలి? ఓపెనర్‌గా పంపితే 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టాడు, తర్వాత ఇక ఓపెనింగ్ చేయనని తనే చెప్పేశాడు. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో నంబర్లో దిగి 59 చేశాడు. ఫాలోఆన్‌లో ద్రవిడ్‌ను ఆరుకు దించి లక్ష్మణ్‌ను మూడుకు పంపారు. 281 కొట్టాడు. ఆరో నంబర్లో దిగిన ద్రవిడ్ 180, ఇద్దరూ కలిసి 376 పరుగులు. సరైనోన్ని సరైన చోట దింపితే ఏమవుతుందో చూడాలంటే ఆ మ్యాచ్ హైలైట్లు చూడండి.

నాలుగో నంబరు: ఎడతెగని పంచాయితీ

2019 ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టు ప్రకటించిన రోజు నల్లగొండ దగ్గర్నుంచి డాలస్ దాకా తెలుగువాళ్లు ఇదే మాట్లాడుకున్నారు. సెలెక్టర్ల ఛైర్మన్ ఎం.ఎస్.కె.ప్రసాద్‌ది గుంటూరు జిల్లా. పక్కన పెట్టిన అంబటి రాయుడు పుట్టిందీ గుంటూరే. విజ్జీ, నాయుడుల కథ మళ్లీ మొదలైనట్టే అనిపించింది.

అంతకు ముందు కొన్ని నెలలుగా నాలుగో నంబరు రాయుడిదే అన్నట్టు జట్టు పెద్దలే మాట్లాడారు. ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో టాపార్డర్ కూలిపోతే రాయుడు 90 కొట్టి మ్యాచ్ నిలబెట్టాడు. మార్చిలో ఆస్ట్రేలియా మీద మూడు మ్యాచ్‌లు సరిగా ఆడలేదు, అంతే. రాయుడిని కాదని తీసుకున్న విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడని, 'త్రీ డైమెన్షన్' ఉన్న ఆటగాడని ప్రసాద్ కారణం చెప్పాడు. మర్నాడు రాయుడు ట్విట్టర్‌లో, ప్రపంచకప్ చూడ్డానికి కొత్త త్రీడీ కళ్లద్దాలకు ఆర్డరిచ్చానని రాశాడు. జట్టులోంచి తీసేసిన ఆటగాడు విసిరిన ఎత్తిపొడుపుల్లో దీన్ని మించింది నాకు తట్టదు.

అభిమానులు సెలెక్టర్ల లెక్కలూ తీశారు. ప్రసాద్ ఆడినవి 6 టెస్టులు, దేవాంగ్ గాంధీ 4, శరణ్‌దీప్ సింగ్ 3. జతిన్ పరాంజపే, గగన్ ఖోడా టెస్టులు ఆడలేదు. ఐదుగురివీ కలిపితే 13. ఈ లెక్క చాయ్ బండి దగ్గర బాగా చెల్లింది గానీ, అన్యాయమైన వాదన. ఎక్కువ ఆడినోడే బాగా ఎంచుతాడని ఎక్కడా లేదు.

న్యాయం కోసం ఇంకోటీ చెప్పాలి: విజయ్ శంకర్ ప్రపంచకప్‌లో వేసిన మొట్టమొదటి బంతికే పాకిస్తాన్ ఓపెనర్ ఇమాముల్ హక్‌ను అవుట్ చేశాడు. ఆ మూడు డైమెన్షన్లలో ఒకటి నిజంగానే పనిచేసింది. తర్వాత గాయంతో ఇంటికొచ్చాడు. ఆయన స్థానంలోనూ రాయుడిని పిలవలేదు, వన్డే ఒక్కటీ ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు. అప్పటికి 55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05.

ఇంకో వారానికి మాంచెస్టర్‌లో సెమీఫైనల్. న్యూజిలాండ్ 239. రోహిత్ 1, రాహుల్ 1, కోహ్లీ 1. వన్డేల్లో ఒక జట్టు మొదటి ముగ్గురూ తలా ఒక్క పరుగుకే అవుటవడం అదే తొలిసారి. స్కోరు 5కు 3. నాలుగో నంబర్లో పంత్ దిగి 32 చేశాడు. ధోనీని ఏడో నంబర్లో పంపారు. అది వేరే పంచాయితీ, దానికి ఇంకో వ్యాసం పడుతుంది. 18 పరుగులతో ఓడాం.

రాయుడు రిటైర్మెంట్ వెనక్కి తీసుకుని ఐపీఎల్‌లో కొనసాగాడు. 2023 ఫైనల్‌తో ముంబైకి మూడు, చెన్నైకి మూడు, మొత్తం ఆరు టైటిళ్లు గెలిచిన జట్లలో ఉన్నాడు. రోహిత్ శర్మ రికార్డుతో సమానం.

కప్పు తెచ్చినోడిని నీళ్లు మోయమన్నారు

సన్‌రైజర్స్‌కు ఉన్న ఒకే ఒక్క ఐపీఎల్ కప్పు 2016ది. అది తెచ్చిన కెప్టెన్ డేవిడ్ వార్నర్, ఆ ఏడాది 848 పరుగులు. లాక్‌డౌన్‌లో 'బుట్టబొమ్మ'కు స్టెప్పులేసి మన ఇళ్లలో మనిషైపోయాడు. 2021 మే 1న ఆయన్ని కెప్టెన్సీ నుంచి తీసేశారు, మర్నాడు జట్టులోంచే తీసేశారు. ఆ సీజన్లో సన్‌రైజర్స్ 14 మ్యాచ్‌ల్లో 3 గెలిచి అట్టడుగున నిలిచింది. నవంబర్లో ఆస్ట్రేలియా టీ20 ప్రపంచకప్ గెలిస్తే టోర్నీ ఉత్తమ ఆటగాడు ఎవరో తెలుసు కదా, 289 పరుగులతో వార్నరే. తర్వాతి ఏడాది ఢిల్లీ తరఫున వచ్చి సన్‌రైజర్స్ మీద 92 నాటౌట్ కొట్టాడు. ఉప్పల్‌కు బస్సెక్కి పోయే నల్లగొండ పోరలు ఇప్పటికీ ఈ మాటెత్తితే మండిపోతారు. నేను వాళ్లతోనే.

కౌబాయ్స్ ఊళ్లో తెలుగు ఇళ్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ లొల్లంతా ఒక్క స్థానం చుట్టే తిరుగుతుంది: క్వార్టర్‌బ్యాక్. బంతి ఎవరికి విసరాలో తేల్చేది అతనే, ఒక సమయంలో ఒక్కడే ఆడతాడు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో మనవాళ్లు ఎక్కువ. డాలస్ కౌబాయ్స్ జట్టు ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్నదీ ఫ్రిస్కోలోనే. మిర్యాలగూడ నుంచో, జడ్చర్ల నుంచో పోయినవాళ్లు ఆఫీసులో మొదటిసారి ఈ వాదన వింటే కొత్తగా ఏమీ అనిపించదు, పేర్లే వేరు.

2016 ఆగస్టులో కౌబాయ్స్ పాత క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో ప్రాక్టీసు మ్యాచ్‌లో గాయపడ్డాడు. ఆ ఏడాదే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే చోట, 135వ ఎంపికగా తీసుకున్న డాక్ ప్రెస్కాట్ దిగాడు. జట్టు 13 గెలిచి 3 ఓడింది. రోమో కోలుకున్నా కౌబాయ్స్‌కు మళ్లీ ఆరంభ ఆటగాడు కాలేదు. ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద కథ 2001ది. న్యూ ఇంగ్లండ్ జట్టు క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో ఆ మార్చిలోనే పదేళ్లకు 10.3 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. సెప్టెంబర్లో గాయపడ్డాడు. 199వ ఎంపికగా వచ్చిన కుర్రాడు లోపలికి వెళ్లాడు. పేరు టామ్ బ్రేడీ. తర్వాత ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

డిఫెండర్‌ను ఫార్వర్డ్ చేసిన హైదరాబాదీ

మనం ఫుట్‌బాల్ అనే ఆటలోనూ ఇలాంటి కథ మనకొకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తర్వాత అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో మన తరఫున గోల్ కొట్టినవాళ్లిద్దరు: పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్. 2-1తో స్వర్ణం. ఆ జట్టులో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్, గోల్ దగ్గర తంగరాజ్. రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే ఆఖరి స్వర్ణం.

నిన్నమొన్నటిది

2025 జనవరిలో ప్రకటించిన ఛాంపియన్స్ ట్రోఫీ జట్టులో హైదరాబాద్ పేసర్ మహ్మద్ సిరాజ్ లేడు. పాతబడిన బంతితో అంత ప్రభావం లేదన్నారు. ఆగస్టు 4న ఓవల్‌లో ఇంగ్లండ్‌కు కావాల్సినవి మరి కొన్ని పరుగులే. బంతి పాతదే, సిరాజే వేశాడు. భారత్ 6 పరుగులతో గెలిచింది, టెస్టుల్లో మనకు ఇంత తక్కువ తేడా విజయం అంతకు ముందు లేదు. ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు, ఆ సిరీస్‌లో అందరికన్నా ఎక్కువ.

ఇక నా తీర్పు అడుగుతారు, చెప్పేస్తున్నా. 1936లో నాయుడు. 2003లో లక్ష్మణ్. 2021లో వార్నర్. 2019లో నాలుగో నంబరుకు రాయుడు. కాదనేవాళ్లు మాంచెస్టర్ స్కోర్‌కార్డు పట్టుకుని రండి.