తేమను తట్టుకొనే అతుకు

1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో హిలో నుండి హోనొలులుకు పయనిస్తున్న అలోహా సంస్థ విమానపు పైకప్పులో సుమారు 18 అడుగుల భాగం 24,000 అడుగుల ఎత్తున ఊడిపోయింది. ఒక పరిచారిక మరణించింది. విమానం మావీ దీవిలో దిగగలిగింది. అల్యూమినియం రేకుల నడుమ జిగురు పట్టు వీడడం, అతుకులలో తేమ చేరి లోహం క్షయించడం, రివెట్ల వద్ద పగుళ్ళు ఏర్పడడం ఈ ప్రమాదానికి దారితీశాయి.

ఇట్టి అతుకులలో దోషం తరచుగా జిగురులో గాక, అది అంటుకొన్న ఉపరితలంలో ఉంటుంది. గాలి సోకగానే అల్యూమినియంపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. జిగురు అంటుకొనేది ఈ పొరకే. అంచుల నుండి మెల్లగా చొరబడిన నీరు ఆ పొరను హైడ్రాక్సైడుగా మారుస్తుంది. అది ఉబ్బి, బలహీనపడి, లోహాన్ని విడిచిపెడుతుంది.

దీని నివారణకు మొదట రేకుపై జిడ్డును, పాత పొరను తొలగిస్తారు. తరువాత రేకును ఫాస్ఫారికామ్లంలో ఆనోడుగా ఉంచి విద్యుత్తును ప్రసరింపజేస్తారు. అప్పుడు సూక్ష్మరంధ్రాలుగల కొత్త ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ రంధ్రాలలోకి జిగురు చొచ్చుకొనిపోయి గట్టిగా పట్టుకొంటుంది. పొరలోని ఫాస్ఫేటు నీటి చర్యను నిరోధిస్తుంది. ఆపై వెంటనే క్షయనిరోధక ప్రైమరును పూస్తారు.

అతికిన నాడు పరీక్షిస్తే శుద్ధి చేసిన అతుకు, చేయని అతుకు ఇంచుమించు సమానంగానే తోచవచ్చు. వాటి భేదం తేమలో కాలం గడిచిన పిమ్మటనే బయటపడుతుంది.