కాలి చీటీ చెప్పిన సాక్ష్యం

పరిశోధన కోసం మ్యూజియాలు దాచే పక్షి నమూనా గాజు పెట్టెలో నిలబెట్టిన బొమ్మ కాదు. చనిపోయిన పక్షి చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి, లోపల దూది కూరి, పొట్ట కుట్టి, ఎండబెట్టి, సొరుగులో వెల్లకిలా పడుకోబెట్టినది. అది ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో దాని కాలికి దారంతో కట్టిన చిన్న చీటీ చెబుతుంది. ఆ చీటీ పోయినా, అబద్ధమైనా, మిగిలేవి అందమైన ఈకలే.

పక్షి శాస్త్రవేత్తగా పేరుపొందిన బ్రిటిష్ సైనికాధికారి రిచర్డ్ మైనర్ట్‌జాగన్ చేసిన అపచారం ఇలాంటిదే. అనుమతి లేకుండా నమూనాలు పట్టుకుపోతున్నాడని లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం 1919లో అతణ్ణి పక్షుల గదిలోకి కొంతకాలం రానివ్వలేదు. అయినా 1954లో అతను దాదాపు 20,000 నమూనాలను అదే మ్యూజియానికి బహూకరించి మన్నన పొందాడు. వాటిలో కొన్ని ఆ మ్యూజియం సొరుగుల నుంచే దొంగిలించి చీటీ మార్చినవని అతను మరణించాక, 1990లలో గాని రుజువు కాలేదు.

ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ విషయంలో ఈ మోసం మరీ దారుణం. 1873లో పక్షి శాస్త్రవేత్త హ్యూమ్ పేరుపెట్టిన ఈ భారతీయ పక్షికి ప్రపంచం మొత్తంమీద ఏడు చర్మాలే ఉండగా, వాటిలో ఒకటి తనకు 1914లో గుజరాత్‌లోని మాండవిలో దొరికిందని మైనర్ట్‌జాగన్ చీటీ రాశాడు. పక్షి శాస్త్రవేత్తలు పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ ఎక్స్‌రేలతో పరీక్షించగా, దాన్ని విప్పి మళ్ళీ కూరినట్టు, 1880లలో ఖాందేశ్‌లో పక్షులు సేకరించిన జేమ్స్ డేవిడ్సన్ చేతిపని ఆనవాళ్ళు లోపల మిగిలే ఉన్నట్టు బయటపడింది. రాస్ముసెన్ ఆ దొంగ చీటీని పక్కనపెట్టి, అసలు చీటీలు చూపిన చోట్లలోనే సహచరులతో కలిసి వెతికారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా సమీపంలో, 1884 తర్వాత ఎవరి కంటా పడని ఆ పక్షి సజీవంగా కనిపించింది.

కుట్లు చదవగలిగిన పండితులు ఉండబట్టి ఆ గుడ్లగూబకు తన చరిత్ర తిరిగి దక్కింది. 2009లో ట్రింగ్ పట్టణంలోని అదే మ్యూజియం శాఖ నుంచి చోరీ అయిన 299 చర్మాలలో చాలావాటికి ఆ అదృష్టం లేదు. సాల్మన్ చేపల గాలాలకు కట్టే రంగురంగుల ఈకల కోసం జరిగిన ఆ దొంగతనంలో, ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ మలయ్ ద్వీపసమూహంలో ఎన్నో కష్టాలకోర్చి సేకరించిన పక్షులు కూడా పోవడం తీరని నష్టం. దొంగ మరుసటి ఏడాదే పట్టుబడ్డాడు గాని, కాలి చీటీతో సహా చెక్కుచెదరకుండా తిరిగి సొరుగుకు చేరినవి 102 మాత్రమే.