మాల తీశాక మొదలయ్యే దీక్ష

అయ్యప్ప మాల ధరించిన స్వాములను గమనించండి. 41 రోజుల మండల దీక్షలో వారు మద్యం ముట్టరు. ఏళ్ల తరబడి తాగుడుకు బానిసైన వారు సైతం ఆ నియమానికి కట్టుబడతారు. శబరిమలలో ఇరుముడి సమర్పించి, మాల విరమణ చేశాక కొందరిలో పాత అలవాటు మళ్లీ తలెత్తుతుంది. మరికొందరు మద్యాన్ని శాశ్వతంగా విడిచిపెడతారు. చిత్రంగా, అలాంటి ఇళ్లలోనూ ఒక ఆవేదన వినిపిస్తుంది: ‘తాగడం మానారు గానీ, కోపం రెట్టింపైంది.’

ఆ కోపానికి కారణాలున్నాయి. మద్యానికి అలవాటుపడిన శరీరం అది అందని తొలి రోజుల్లో తల్లడిల్లుతుంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి. చిరాకైతే వారాల తరబడి వెంటాడుతుంది. అంతకన్నా లోతైన కారణం మరొకటుంది. అవమానం, దుఃఖం, అప్పుల భయం... ఏది కలిగినా ఇన్నాళ్లూ మత్తుతో కప్పిపుచ్చారు. ఆ ముసుగు తొలగగానే అవన్నీ క్రోధరూపంలో బయటపడతాయి.

కామక్రోధాల నుంచి పుట్టే వేగాన్ని ఈ దేహం ఉండగానే సహించగలిగినవాడే యోగి, అతడే సుఖి అని గీత ఐదో అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ బోధించాడు. ‘వేగం’ అన్న మాటలోనే ఉపాయం ఉంది. కోపం రావడం తప్పు కాదు, దాని ఉద్ధృతికి కొట్టుకుపోవడమే అనర్థం. తాగాలన్న తహతహదీ అదే స్వభావం. ఎంత ఉప్పెనలా వచ్చినా సాధారణంగా అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు మౌనం వహించండి, అక్కడి నుంచి లేచి వెళ్లండి, ఇష్టదైవాన్ని స్మరించండి.

మహాభారతం ఆదిపర్వంలో రాక్షసులు కచుణ్ని చంపి, ఆ బూడిదను మద్యంలో కలిపి శుక్రాచార్యుడి చేత తాగించారు. మృతసంజీవని విద్యతో గురుశిష్యులిద్దరూ బతికి బయటపడ్డారు. అప్పుడు శుక్రుడికి కలిగిన ఆగ్రహం సురాపానాన్ని నిషేధించే కట్టడిగా మారింది. కోపాన్ని సంకల్పంగా మలచుకోవచ్చని ఈ కథ చెబుతుంది.

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట... ఈ నాలుగింటి విషయంలో జాగ్రత్త వహించాలని వ్యసన విముక్తి సంఘాల్లో చెబుతుంటారు. దీక్షా నియమాల్లో వీటన్నిటికీ విరుగుడు ఉంది. వేళకు స్వీకరించే భిక్ష ఆకలిని, తోటి స్వాములతో చేసే భజన ఒంటరితనాన్ని, క్రమం తప్పని దినచర్య అలసటను దూరం చేస్తాయి. ఎదుటివారిని ‘స్వామీ’ అని పిలిచిన నోట పరుషవాక్యం రాదు. మాల తీసినా ఈ నాలుగింటినీ విడువకండి.

ఇంటివారికీ ఒక మాట. ఆయన ఆవేశంలో ఉన్నప్పుడు పాత తప్పులు తవ్వకండి. శాంతించాక మాట్లాడండి. అలాగని, తాగడం మానినంత మాత్రాన భార్యాబిడ్డలపై చేయి చేసుకునే హక్కు ఎవరికీ రాదు. అలాంటి పరిస్థితిలో ఓర్పు ధర్మం కాదు, పెద్దల సాయం, చట్టం సాయం కోరడమే ధర్మం.

రోజూ అతిగా తాగేవారు దీక్ష కోసమైనా సరే, వైద్యుణ్ని సంప్రదించకుండా ఒక్కసారిగా మానకూడదు. మూర్ఛలు, మతిభ్రమణం వచ్చి ప్రాణాల మీదకు రావచ్చు. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే వ్యసన విముక్తికి సలహా లభిస్తుంది. వైద్యం చేయించుకోవడం భక్తికి లోపం కాదు.

రాత్రి పడుకునే ముందు దీపం ఎదుట కూర్చుని, ఈ రోజు క్రోధం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు సహించగలిగాను అని లెక్క చూసుకోండి. ఒక్కసారి సహించినా అది ఆ రోజుకు స్వామికి సమర్పించిన పుష్పమే.